నూట ఎనిమిదో వంతు

మూడు లాంతర్ల దగ్గర పాత ఇనుము కొట్టులో
వంకర త్రాసుకి పడికట్టుగా వేలాడుతోంది అది.
అరచేతిలో పట్టే యుద్ధ టాంకు. చెక్కది.
"గుంటలు ఆడుకున్న బొమ్మండి, నలభై ఇయ్యండి," అన్నాడు గవరయ్య.
చెయ్యి వణికితే ధర పెరుగుతుందని
చేతిని జేబులో దాచుకున్నాను.

ముప్పై ఒక్కేళ్లు తూనికలు కొలతల శాఖలో
కిలో రాయి అడుగున ఎంత సీసం తవ్వేరో
చూపుతోనే చెప్పిన వాణ్ణి.
ఇంట్లో ఇలాంటివి పద్నాలుగున్నాయి.
మొదటిది నెల్లిమర్ల జూట్ మిల్లు వేలంలో,
తలుపు కొట్టుకోకుండా అడ్డుపెట్టి ఉంటే చూసేను.
రెండోది ఒక ప్లీడరు గారి బల్ల మీద
వకాల్తాలు ఎగిరిపోకుండా కూర్చుంది.
మా ఆవిడ వాటిని చెక్క పీనుగులంటుంది.
ఆదివారం తడిగుడ్డతో తుడిచేది మాత్రం ఆవిడే.

విశాఖ మీద బాంబులు పడిన ఏడు
కోనాడ ఒడ్డున కాపలా కుర్రాళ్లకి
ఒకటే పాఠమట:
నీళ్లలోంచి వచ్చేది ఎవడిదో
పొగలో, ఇసకలో, మూడు లెక్కపెట్టేలోగా చెప్పాలి.
బల్ల మీద ఇసక పోసి ఈ ముక్కలు నిలబెట్టేవారు.
పది గజాల దూరం నుంచి చూస్తే
వెయ్యీ ఎనభై గజాల దూరం కింద లెక్క.
నూట ఎనిమిదో వంతుకి కుదించిన చావు.
మొదటిసారి స్కేలు పెట్టి కొలిచినప్పుడు
అష్టోత్తరం అనుకుని, ఎందుకో చెప్పులు విప్పేను.

గుర్తుపట్టే సూత్రం చిన్నది.
జపాను బుల్లి టాంకుకీ, మన వైపు స్టువర్టుకీ
కింద చక్రాలు నాలుగూ నాలుగే.
పట్టాని పైన మోసే కప్పీలు చూడాలి:
మూడుంటే మనవాడు.
రెండుంటే కాల్చు.

దీనికి ఎడమ పక్క రెండు.
తిప్పేను. కుడి పక్క మూడు.

మళ్లీ తిప్పేను.

"నకిలీ," అన్నారు సికింద్రాబాదు నుంచి సుబేదారు జోసెఫు గారు,
"అడుగున ముద్ర లేదు, నంబరు లేదు, పారేయండి."
నిజమే. ముద్ర లేని రాళ్లని
బస్తాలకి బస్తాలు జప్తు చేసిన చెయ్యి నాది.
కానీ అంచున నల్లరంగు రేగిన చోట
పసుపు.
పనస.
పటాలానికి పనస చెక్క ఎవడు పంపుతాడు?

బొబ్బిలి బస్సెక్కేను.
వీణల వీధిలో లక్కోజు సింహాద్రాచారి
కళ్లజోడు తియ్యనే లేదు జేబులోంచి.
చెవి దగ్గర పెట్టుకుని వేలి కణుపుతో కొట్టేడు.
ఆగి, ఇంకోసారి.
"కుండ తొలిసినప్పుడు మిగిలిన సెక్కండి ఇది. మా తాతది.
రోజుకి రెండు సేసీవోడట, నూకలకి.
ఏ టాంకుకి ఎన్ని సక్రాలో కాయితం ఇచ్చీవోరట.
ఆడికి సదువేటి, బొమ్మ సూసి సెక్కీవోడు."
"మరి ఇటు రెండు, అటు మూడు?"
అతను నవ్వలేదు.
"తప్పు సేసీ సెయ్యి కాదండి అది."
తర్వాత టీ తాగేం. వానల గురించి మాట్లాడుకున్నాం.

లేచేటప్పుడు అతనే
దాని ఫిరంగి గొట్టాన్ని రెండు వేళ్ల మధ్య పట్టుకున్నాడు.
నేను గొట్టమనుకున్నది బిరడా.
మెల్లగా తిప్పేడు. ఎనభై ఏళ్ల బిగువు కిర్రుమంది.
ఇంకొంచెం తిప్పేడు, తల పక్కకి వాల్చి,
లేని తీగె కోసం వింటూ.

ఇప్పుడది బీరువాలో పదిహేనోది.
చీటీలో దేశం గడి ఖాళీగా వదిలేను.
ఆదివారం మా ఆవిడ తుడిచి పెట్టేసరికి
ఏ పక్క అద్దం వైపు తిరిగి ఉంటుందో
దగ్గరికి వెళ్లేదాకా తెలియదు నాకు.